లోపలికి రమ్మన్న మనిషి: కౌబాయ్ జాక్ క్లెమెంట్ జ్ఞాపకం

(నాష్‌విల్‌లో తెలుగు మిత్రుల నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

మీరు హాల్లోకి వస్తున్నప్పుడు స్పీకర్లో ఒక పాట నడుస్తోంది. ఎవరు పాడారని ఇద్దరు ముగ్గురు అడిగారు. కావాలనే చెప్పలేదు. కాసేపాగి చెబుతాను. ఈలోగా ఆ గొంతు గుర్తుంచుకోండి. మెత్తగా, నిండుగా, ఎక్కడా తొందర లేకుండా ఉంటుంది.

మనలో చాలామంది ఈ ఊరొచ్చి పదేళ్ళు దాటింది. ఆదివారం గణేశ్ గుడికి వెళ్తాం, పిల్లల్ని సంగీతం క్లాసుకి దింపుతాం. బెల్మాంట్ బులెవార్డ్ మీదుగా ఎన్నిసార్లు కార్లో పోయామో లెక్కలేదు. ఆ రోడ్డు మీద ఉన్న ఒక పాత ఇంటికి యజమాని పెట్టుకున్న పేరు 'కౌబాయ్ ఆర్మ్స్ హోటల్ అండ్ రికార్డింగ్ స్పా'. నిజానికి అది హోటలూ కాదు, స్పా కూడా కాదు. ఒక పాటల రచయిత ఇల్లు. ఆ ఇంట్లోనే స్టూడియో. జానీ క్యాష్ లాంటి మహా గాయకుడూ ఆ ఇంటికి వచ్చేవాడు, నిన్ననే బస్సు దిగిన, గిటార్ తప్ప చేతిలో ఏమీ లేని కుర్రవాడూ వచ్చేవాడు. ఆ ఇంటాయనే జాక్ హెండర్సన్ క్లెమెంట్. ఊరంతా కౌబాయ్ అని పిలిచేది. పశువులు కాసిన మనిషేం కాదు, మెంఫిస్ పట్నం పిల్లవాడు.

నేను హైదరాబాద్‌లో ఉన్నప్పుడు ఒక చిన్న స్టూడియోలో రికార్డిస్టుగా పని చేశాను. అందుకే ఈ మనిషి కథ నాకు దగ్గరగా అనిపిస్తుంది. పాటలు రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు, రికార్డులు చేసినవాళ్ళూ ఉన్నారు. గుమ్మం దగ్గర నిలబడ్డ మనిషిని లోపలికి పిలిచి, కూర్చోబెట్టి, 'పాడు, వింటాను' అన్నవాళ్ళు తక్కువ. జాక్ జీవితమంతా చేసింది ఆ పనే. ఈరోజు దాని గురించే మాట్లాడతాను.

ముందు ఒక మాట. మన దగ్గర ప్రొడ్యూసర్ అంటే నిర్మాత, డబ్బు పెట్టే ఆయన. ఇక్కడ రికార్డుల లోకంలో ప్రొడ్యూసర్ పని వేరు. ఏ గాయకుడికి ఏ పాట నప్పుతుందో చూడాలి. ఎవరు వాయించాలో చెప్పాలి. వేగం తేల్చాలి, శ్రుతి తేల్చాలి. రెండోసారి పాడింది ఉంచాలా, పదోసారి పాడింది ఉంచాలా అన్నది ఆయనే నిర్ణయించాలి. మన సంగీత దర్శకుడి పనిలో కొంత, రికార్డిస్టు పనిలో కొంత, గురువు పనిలో కొంత కలిపితే ఆయన పని అవుతుంది.

జాక్ 1931 ఏప్రిల్ 5న మెంఫిస్ పక్కనున్న వైట్‌హేవెన్‌లో పుట్టాడు. తండ్రి పళ్ళ డాక్టరు, చర్చిలో బృందగానం నడిపించేవాడు కూడా. అంటే పదిమంది కలిసి పాడితే ఏ గొంతు ఎక్కడ కలవాలో, ఎక్కడ తగ్గాలో ఆ ఇంట్లో చిన్నప్పటినుంచీ వినిపించేది. మన ఇళ్ళల్లో భజన బృందం నడిపే తాతయ్య ఉంటే పిల్లలకి తాళం ఎలా పట్టుబడుతుందో, అలా.

పదిహేడేళ్ళకే మెరీన్ కోర్‌లో చేరాడు. వాషింగ్టన్ దగ్గర పోస్టింగ్. అక్కడ ఖాళీ సమయంలో బ్లూగ్రాస్ వాయించేవాళ్ళతో కలిశాడు. బ్లూగ్రాస్ అంటే బాంజో, ఫిడేలు, మాండొలిన్‌తో చాలా వేగంగా వాయించే కొండప్రాంతపు సంగీతం. సైన్యం నుంచి బయటికి వచ్చాక బజ్ బజ్బీ అనే మాండొలిన్ కళాకారుడితో జట్టు కట్టి తిరిగాడు. తర్వాత మెంఫిస్ వచ్చి కాలేజీలో చదువుకుంటూ ఆర్థర్ ముర్రే డాన్స్ స్కూల్లో డాన్స్ నేర్పాడు. ఈ విషయం చిన్నదిగా కనబడుతుంది గానీ కాదు. ఆయనకి వాల్ట్జ్ అంటే ప్రాణం. మూడు మాత్రల నడక, మనం తిశ్రం అంటాం కదా, అదే. పాట వింటూ జనం పాదాలు ఎలా కదులుతాయో దగ్గరుండి చూసినవాడు కాబట్టే, ఆయన చేసిన రికార్డుల్లో వేగం ఎప్పుడూ కాలికి సరిపోయినట్టు ఉంటుంది. డాన్స్ మాస్టారిగా పని చేసిన రోజులు ఆయనకి ఏ సంగీత కళాశాలా ఇవ్వలేనిది ఇచ్చాయని నేను నమ్ముతాను.

1956. మెంఫిస్‌లో 706 యూనియన్ ఎవెన్యూ. సన్ రికార్డ్స్. ఎల్విస్ ప్రెస్లీని మొదట రికార్డు చేసిన చోటు. యజమాని సామ్ ఫిలిప్స్. జాక్ అప్పుడు బిల్లీ లీ రైలీ అనే కుర్రవాడి పాటలు సొంతంగా రికార్డు చేసి, ఆ టేపులోని పాటల్ని గ్రామఫోన్ డిస్కుగా చేయించుకోవడానికి సామ్ దగ్గరికి వెళ్ళాడు. టేపు విన్న సామ్‌కి పాటతో పాటు పాటని పట్టుకున్న తీరు కూడా నచ్చింది. నా దగ్గర పని చేస్తావా అన్నాడు. జాక్ కథ కూడా అలా ఒక గుమ్మం దగ్గరే మొదలైంది. టేపు చేతిలో పట్టుకుని నిలబడ్డవాణ్ణి ఒకరు లోపలికి రమ్మన్నారు.

అదే ఏడాది, కొన్ని నెలలకి, సామ్ ఊళ్ళో లేని రోజుల్లో ఒక కుర్రవాడు వాళ్ళ నాన్నతో కలిసి సన్ స్టూడియోకి వచ్చాడు. లూయిసియానాలో ఫెర్రిడే అనే ఊరు. కోడిగుడ్లు అమ్మిన డబ్బుతో తండ్రీకొడుకులు మెంఫిస్ దాకా వచ్చారు. చెట్ ఆట్కిన్స్ గిటార్ వాయించినట్టు నేను పియానో వాయిస్తానని ఆ కుర్రవాడు చెప్పాడు. ఆఫీసులో ఉన్నవాళ్ళు వచ్చి జాక్‌తో ఈ మాట చెప్పారు. యజమాని లేడు, తర్వాత రమ్మని చెప్పొచ్చు. జాక్ అలా చెప్పలేదు. అతన్ని లోపలికి పిలిచి టేపు తిప్పాడు. ఆ కుర్రవాడే జెర్రీ లీ లూయిస్. సామ్ తిరిగొచ్చాక టేపు విని, వెంటనే అతన్ని రప్పించమన్నాడు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పుకోవాలి. నేను హైదరాబాద్‌లో పని చేస్తున్న రోజుల్లో ఒక పెద్దాయన ఊరినుంచి వచ్చాడు. భుజాన కిన్నెర. తన పాట రికార్డు చేస్తారా అని అడిగాడు. స్టూడియో ఆ పూట ఖాళీగానే ఉంది. కానీ యజమాని లేడు, మాట వస్తుందేమోనని టెన్షన్. రేపు రమ్మన్నాను. ఆయన ఎక్కడ పడుకుంటాడు, మళ్ళీ బస్సు చార్జీలు ఎక్కడివి అని ఆలోచించలేదు. ఆయన మళ్ళీ రాలేదు. ఆ పాట ఏమిటో నాకు తెలియదు. జాక్ క్లెమెంట్ గురించి చదివిన ప్రతిసారీ ఆ పెద్దాయన కిన్నెర కళ్ళముందుకి వస్తుంది. పది నిమిషాల టేపు. అంతే ఖర్చయ్యేది.

మళ్ళీ మెంఫిస్‌కి వద్దాం. 1956 డిసెంబరు 4. కార్ల్ పెర్కిన్స్ రికార్డింగ్ జరుగుతోంది, జెర్రీ లీ పియానో మీద ఉన్నాడు. అప్పటికే పెద్ద స్టారైపోయిన ఎల్విస్ ఊరికే పలకరించి పోదామని వచ్చాడు. జానీ క్యాష్ కూడా అక్కడే ఉన్నాడు. కబుర్లు పాటలయ్యాయి. చర్చి పాటలు, చిన్నప్పటి పాటలు ఒకదాని వెనక ఒకటి. రికార్డింగ్ గదిలో కూర్చున్న జాక్ ఇది పోగొట్టుకోకూడదనుకుని టేపు ఆన్ చేశాడు. 'మిలియన్ డాలర్ క్వార్టెట్' అని ఈరోజు ప్రపంచమంతా వినే ఆ రికార్డింగ్ ఎవరూ ప్లాన్ చేసింది కాదు. ఒక మనిషికి సమయానికి చెయ్యి కదిలింది.

జెర్రీ లీ 'హోల్ లాటా షేకిన్ గోయింగ్ ఆన్' కూడా ఇంచుమించు అలాంటిదే. 1957లో ఆ రోజు వాళ్ళు కష్టపడుతున్నది జాక్ రాసిన పాట మీద. పేరు 'ఇట్‌ల్ బి మీ'. ఎన్నిసార్లు వాయించినా కుదరడం లేదు, అందరూ అలిసిపోయారు. ఊళ్ళ ప్రోగ్రాముల్లో జనాన్ని ఊపేస్తున్న ఇంకో పాట ఉంది, అది వాయిద్దామా అన్నారు కుర్రాళ్ళు. జాక్ సరేనన్నాడు. మెషిన్ ఆన్ చేశాడు. ఒక్కసారి వాయించారు, అయిపోయింది. ఆ పాట లక్షల కాపీలు అమ్ముడైంది. జాక్ సొంత పాట రికార్డుకి రెండోవైపు పోయింది. తన పాటని పక్కనపెట్టి ఎదుటివాడి ఉత్సాహం వెంట వెళ్ళగలిగే రచయిత ఎంత అరుదో, మీలో రాసేవాళ్ళు ఉంటే వాళ్ళకి తెలుస్తుంది.

సన్ రికార్డుల్లో గొంతు వెనక చిన్న ప్రతిధ్వని వినిపిస్తుంది, స్లాప్‌బ్యాక్ అంటారు. దానికి రెండు టేపు మెషిన్లు వాడేవారు. ఒకదాంట్లో పాట రికార్డవుతుంటే అదే ధ్వని రెండోదాంట్లోకి కూడా పోతుంది. టేపు మెషిన్లో రికార్డు చేసే తల ఒకచోట, వినిపించే తల కొంచెం ముందు ఉంటుంది. టేపు ఒక తల నుంచి ఇంకో తల దాకా నడవడానికి పట్టే సెకనులో చిన్న వంతు ఆలస్యాన్నే మళ్ళీ అసలు గొంతుతో కలిపేవారు. ఉన్న సామాను తక్కువ, గది చిన్నది. అయినా ఆ గదిలోంచి వచ్చిన శబ్దం కోసం తర్వాత కోట్లు పెట్టి కట్టిన స్టూడియోలు తంటాలు పడ్డాయి.

ఆయన పొరపాటు పడని మనిషేం కాదు. రాయ్ ఆర్బిసన్ సన్‌లో ఉన్నప్పుడు, నువ్వు నెమ్మది పాటల గాయకుడిగా ఎప్పటికీ పైకి రావని చెప్పింది జాకే. ఆ ఆర్బిసన్ తర్వాత లోకాన్ని ఏడిపించింది నెమ్మది పాటలతోనే. మంచి చెవి ఉన్నవాడికి కూడా ఒక్కోసారి ఎదురుగా ఉన్న గొంతు వినపడదు.

పాటల రచయితగా ఆయన దశ తిరిగింది 1958లో. జానీ క్యాష్ కోసం రాసిన 'బల్లాడ్ ఆఫ్ ఎ టీనేజ్ క్వీన్', ఆ వెంటనే 'గెస్ థింగ్స్ హాపెన్ దట్ వే'. రెండూ కంట్రీ చార్టులో, అంటే ఇక్కడి పల్లె బాణీ పాటల ఆదరణ పట్టికలో, మొదటి స్థానానికి చేరాయి. రెండోది నాకు చాలా ఇష్టం. ప్రియురాలు వెళ్ళిపోయింది. ఏం చేయాలో తెలియదు. ఎవరిమీదా కోపం లేదు, శాపనార్థాలు లేవు. ఇలాగే జరుగుతాయి కాబోలు అనుకుంటాడు, అంతే. వెనక కోరస్ మాత్రం ఊయల ఊగినట్టు హుషారుగా పోతుంటుంది. దుఃఖం మాటలో ఉంటుంది, ఓదార్పు నడకలో ఉంటుంది. మన తత్వాల్లో కూడా ఇలాంటిది చూస్తాం. మాట వైరాగ్యం, చేతిలో చిడతలు మాత్రం గలగలమంటూనే ఉంటాయి.

నవ్వించే పాటలూ చాలా రాశాడు. 1966లో క్యాష్ పాడిన ఒక పాటలో జానపద బృందంలో నలుగురు ఉంటారు, ఒక్కొక్కరిది ఒక్కో దారి. చివరికి కచేరీ మధ్యలోనే కొట్టుకుంటారు. 1968 జనవరిలో ఫోల్సమ్ జైల్లో ఖైదీల ముందు క్యాష్ పాడిన పాటల్లో రెండు జాక్‌వి. అందులో ఒకటి గుడ్లు దొంగతనం చేసే కుక్క మీద. జైల్లో మగ్గుతున్న మనుషులు ఆ పాటకి పగలబడి నవ్వడం రికార్డులో వినిపిస్తుంది. ఈ పని సరదా పుట్టించడానికి ఉంది, మనకే సరదాగా లేకపోతే పని చేయనట్టేనని ఆయన అందరికీ చెప్పేవాడు.

1959లో సన్‌లో ఉద్యోగం పోయింది. కొన్నాళ్ళు నాష్‌విల్, తర్వాత టెక్సాస్‌లోని బ్యూమాంట్. అక్కడ బిల్ హాల్ అనే ఆయనతో కలిసి పాటల పబ్లిషింగ్ కంపెనీ పెట్టాడు. పబ్లిషింగ్ అంటే ఇక్కడ పుస్తకాలు అచ్చువేయడం కాదు, పాట హక్కులు చూసుకోవడం. పాట ఎక్కడ అమ్ముడైనా, రేడియోలో మోగినా రాసినవాడికి, పబ్లిషర్‌కి వాటా వస్తుంది. మన దేశంలో సినిమా పాట రాసినవాళ్ళకి రాయల్టీ మీద గట్టి హక్కు 2012లో కాపీరైట్ చట్టం సవరించాక గానీ రాలేదు. ఇక్కడ యాభైల్లోనే పాట మీద బతకగలిగే ఏర్పాటు ఉంది. జాక్ ఇంటి తలుపు ఎప్పుడూ తెరిచి ఉండడానికి, వచ్చినవాళ్ళకి అన్నం దొరకడానికి వెనక ఉన్న ఆధారం ఇదే. డికీ లీ, స్టీవ్ డఫీ కలిసి రాసిన 'షీ థింక్స్ ఐ స్టిల్ కేర్' ఆ బ్యూమాంట్ రోజుల్లోదే. 1962లో జార్జ్ జోన్స్ పాడితే దేశం ఊగిపోయింది.

1963లో క్యాష్‌కి ఒక పాట విషయంలో పట్టుదల వచ్చింది. జూన్ కార్టర్, మెర్ల్ కిల్గోర్ రాసిన 'రింగ్ ఆఫ్ ఫైర్'. దాంట్లో మెక్సికో పెళ్ళిళ్ళలో మోగే బాకాలు కావాలి. కంట్రీ పాటలో బాకాలేమిటని అడిగేవాళ్ళే ఎక్కువ. క్యాష్ బ్యూమాంట్‌కి ఫోన్ చేసి జాక్‌ని నాష్‌విల్ పిలిపించుకున్నాడు. ఆ బాకాల వరసలు కూర్చింది జాకే. ఆ పాట తెలియని మనిషి ఈ రాష్ట్రంలో ఉండడు. పాట మొదట్లో ఆ బాకాలు వినగానే మన పిల్లలు కూడా గుర్తుపడతారు. రికార్డు మీద ఆయన పేరు మాత్రం పెద్దగా కనబడదు.

ఇప్పుడు మొదట్లో విన్న ఆ గొంతు దగ్గరికి వద్దాం.

1965. ఆ ఏడే అమెరికాలో నల్లజాతివారి ఓటు హక్కుని కాపాడే చట్టం వచ్చింది. మిసిసిపీలో స్లెడ్జ్ అనే ఊరినుంచి వచ్చిన చార్లీ ప్రైడ్ అనే మనిషి ఉన్నాడు. పత్తిచేలల్లో పాలికాపు కుటుంబం. నీగ్రో లీగుల్లో, అంటే నల్లవాళ్ళకి విడిగా ఉండే పోటీల్లో, బేస్‌బాల్ ఆడాడు. మోంటానాలో లోహం కరిగించే కొలిమిలో పని చేస్తూ సాయంత్రాలు పాడేవాడు. పాడేది కంట్రీ పాటలు. ఆ సంగీతాన్ని తెల్లవాళ్ళ సొత్తుగా కంపెనీలు అమ్ముకునే కాలం. ఎక్కడికి వెళ్ళినా ముఖం చూసి తలుపు వేసేశారు. అతని మేనేజర్ అతని పాటల టేపు జాక్‌కి వినిపించాడు. జాక్ తనే ఖర్చు పెట్టుకుని ప్రైడ్‌తో రికార్డింగ్ చేశాడు. కొన్ని పాటలు ఇచ్చి నేర్చుకురమ్మన్నాడు. ప్రైడ్ కొద్దిరోజుల్లోనే అన్నీ నేర్చుకుని వచ్చి నిలబడ్డాడు.

ఆ టేపు పట్టుకుని జాక్ తిరిగాడు. ఆర్‌సీఏ అనే రికార్డుల కంపెనీకి నాష్‌విల్‌లో పెద్ద అయిన చెట్ ఆట్కిన్స్ మొదట ఒప్పుకోలేదు. తర్వాత ఆయనకే మనసు ఆగలేదు. కాలిఫోర్నియాలో కంపెనీ పెద్దలందరూ కూడినచోట, పాడినవాడు ఎవరో చెప్పకుండా ఆ టేపు వినిపించాడు. అందరూ మెచ్చుకున్నాక, ఇతను నల్లవాడు అని చెప్పాడు. ఒప్పందం కుదిరింది. 1966లో మొదటి రికార్డు వచ్చినప్పుడు ప్రచారంలో ఫొటో వేయలేదు. జనం గొంతు విని ఇష్టపడ్డాక, అతను వేదికమీదకి వచ్చినప్పుడు హాల్లో చప్పట్లు ఒక్కసారి ఆగిపోయిన రోజులున్నాయి. అలాంటప్పుడు ప్రైడ్, నాది ఎండకి కమిలి ఎప్పటికీ పోని రంగు అని తనే అని నవ్వించి, పాట అందుకునేవాడు.

మీరు వస్తున్నప్పుడు విన్నది అతని గొంతే. పాట 'జస్ట్ బిట్వీన్ యూ అండ్ మీ'. రాసింది జాక్, చేసింది జాక్. కంట్రీ చార్టులో ప్రైడ్ మొదటి విజయం. ఇక ఆగలేదు. ఇరవైకి పైగా పాటలు మొదటి స్థానానికి వెళ్ళాయి. 1971లో కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ 'ఎంటర్‌టైనర్ ఆఫ్ ది ఇయర్' గౌరవం ఇచ్చింది. తొలి ఏళ్ళ ఆల్బమ్‌లన్నీ జాక్ చేతిమీదుగా వచ్చినవే. ఈ గుమ్మం తెరవడంలో గొప్పతనం ప్రైడ్ గొంతుది, దాని ధైర్యానిది. నేనది మరిచిపోవడం లేదు. కానీ పదిమంది మూసిన తలుపుని సొంత డబ్బుతో తెరిచినవాడి పేరు కూడా చెప్పుకోవాలి కదా.

కుటుంబం గురించి కొంత. మొదటి భార్య డోరిస్‌తో ఆయనకి ఇద్దరు పిల్లలు, కూతురు ఆలిసన్, కొడుకు నైల్స్. తర్వాత షారన్ జాన్సన్‌ని పెళ్ళి చేసుకున్నాడు. ఆవిడ గాయని జెస్సీ కోల్టర్‌కి తోబుట్టువు. జెస్సీ భర్త వేలాన్ జెన్నింగ్స్. అంటే జాక్, వేలాన్ తోడల్లుళ్ళు. ఇంగ్లీషులో ఈ చుట్టరికానికి వేరే మాట లేదు, అన్నిటికీ బ్రదర్ ఇన్ లానే. మనకు మాత్రం తోడల్లుడు అనగానే ఆ సంబంధంలో ఉండే చనువు, పోటీ, పెళ్ళిళ్ళలో పక్కపక్కన కూర్చునే అలవాటు అన్నీ కనబడతాయి. ఆ ఇద్దరూ కలిసి 1975లో 'డ్రీమింగ్ మై డ్రీమ్స్' అనే ఆల్బమ్ చేశారు. అప్పటికి నాష్‌విల్ పాటల మీద వయొలిన్ల గుంపులూ కోరస్‌లూ బరువుగా పేరుకుపోయాయి. ఈ ఆల్బమ్‌లో అవన్నీ తీసేసి గొంతుకి చోటిచ్చారు. నిశ్శబ్దం కూడా వినిపిస్తుంది. నా దృష్టిలో జాక్ చేసిన పనుల్లో ఇదే శిఖరం. రికార్డింగ్ నేర్చుకునేవాళ్ళు ఎవరడిగినా ముందు ఇది వినమంటాను.

రక్తసంబంధం లేని కుటుంబం ఇంకా పెద్దది. మెంఫిస్‌లో పరిచయమైన పాటల రచయిత అలెన్ రేనాల్డ్స్ తర్వాత ఆయన కోసం నాష్‌విల్ వచ్చాడు. రికార్డుల కంపెనీలుండే మ్యూజిక్ రో పేట దగ్గర జాక్ కట్టిన 'జాక్స్ ట్రాక్స్' అనే స్టూడియోని డెబ్బైల్లో కొనుక్కున్నాడు. తర్వాత గాయకుడు గార్త్ బ్రూక్స్‌ని ప్రపంచానికి చూపించిన రికార్డులు చేసింది ఆ అలెనే, ఆ స్టూడియోలోనే. డాన్ విలియమ్స్ ఒంటరి గాయకుడిగా మొదలైంది జాక్ పెట్టిన జేఎమ్ఐ రికార్డ్స్‌లో. పాటల రచయిత టౌన్స్ వాన్ జాంట్ మొదటి ఆల్బమ్‌లో జాక్ చెయ్యి ఉంది. సైన్యంలో కెప్టెన్‌గా ఉన్న క్రిస్ క్రిస్టాఫర్సన్ 1965లో ఈ ఊరు చూడడానికి వచ్చి, కౌబాయ్‌తో తిరిగి, ఉద్యోగం వదులుకుని పాటలు రాసుకుంటూ ఇక్కడే ఉండిపోయాడు. కౌబాయ్ ఇంట్లో పని నేర్చుకున్న డేవిడ్ ఫెర్గుసన్ తర్వాత జానీ క్యాష్ చివరి ఆల్బమ్‌లకి ఇంజినీరుగా పని చేశాడు. గురుకులం అనే మాట మనం ఊరికే వాడేస్తాం. ఇది నిజంగా గురుకులమే. ఇంట్లో ఉండి, పనిలో పనిగా, వంట దగ్గర, టేపు దగ్గర నేర్చుకున్నారు.

డబ్బు పోగొట్టుకున్న సంగతులూ ఉన్నాయి. 1972లో ఒక హారర్ సినిమా తీశాడు, అది ఆడలేదు. గాయకుడు జాన్ ప్రైన్‌తో నెలల తరబడి రికార్డింగ్ చేశాడు, ఆ ఆల్బమ్ బయటికే రాలేదు. ఇంట్లో జరిగే ప్రతిదీ వీడియో తీయించేవాడు. 2005లో ఆ వీడియోలతో ఒక డాక్యుమెంటరీ వచ్చింది. దాని పేరులో షేక్‌స్పియర్ జార్జ్ జోన్స్‌కి వీరాభిమాని అని ఉంటుంది. 

1987లో ఐర్లాండ్‌కి చెందిన యూ2 బృందం మెంఫిస్‌లో సన్ స్టూడియోలో పాటలు చేయాలనుకుంది. అప్పుడు వాళ్ళు ప్రపంచంలోకెల్లా పెద్ద రాక్ బృందం. రమ్మన్నది కౌబాయ్‌ని. 'ఏంజెల్ ఆఫ్ హార్లెమ్' అక్కడ పుట్టింది. ముప్పై ఏళ్ళ తర్వాత అదే గదిలో, అదే మనిషి, ఇంకో తరం కుర్రాళ్ళకి మైకులు సరిచేశాడు.

2011 జూన్‌లో ఆ బెల్మాంట్ ఇంటికి నిప్పంటుకుంది. ఆయన క్షేమంగా బయటపడ్డాడు. పైన ఉన్న స్టూడియో, గిటార్లు, టేపులు, ఫొటోలు చాలావరకు కాలిపోయాయి. ఎనభై ఏళ్ళ మనిషి వీధిలో నిలబడి తన ఇల్లు కాలుతుంటే చూశాడు. రికార్డిస్టుగా పని చేసినవాణ్ణి కాబట్టి టేపు కాలడం అంటే ఏమిటో నాకు తెలుసు. కాగితం కాలితే మళ్ళీ రాసుకోవచ్చేమో. ఒక సాయంత్రం ఒక గదిలో ఒకరు పాడిన పద్ధతి మళ్ళీ రాదు.

2013 జనవరిలో ఇక్కడి వార్ మెమోరియల్ ఆడిటోరియంలో ఆయన కోసం ఒక రాత్రి కచేరీ జరిగింది. క్రిస్టాఫర్సన్ వచ్చాడు, గాయని ఎమిలూ హారిస్ వచ్చారు, చార్లీ ప్రైడ్ వచ్చాడు. ఏప్రిల్‌లో, ఈ సంగీతంలో మేటివాళ్ళ పేర్లు చేర్చే కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఆయన ఎంపికైనట్టు ప్రకటించారు. ఆ వార్త ఆయన చెవిన పడింది. ఆగస్టు 8న, కాలేయ కాన్సర్‌తో, ఇంట్లోనే కన్నుమూశాడు. ఎనభై రెండేళ్ళు. అక్టోబరులో బాబీ బేర్, కెన్నీ రోజర్స్‌తో పాటు ఆయన పేరునూ హాల్లోకి చేర్చారు. ఆ రోజుకి ఆయన కుర్చీ ఖాళీ.

చార్లీ ప్రైడ్ 2020 డిసెంబరులో కోవిడ్‌తో పోయాడు. జెర్రీ లీ 2022లో. గుమ్మం దగ్గర నిలబడిన ఆ కుర్రాళ్ళెవరూ ఇప్పుడు లేరు.

నేను మాట్లాడాల్సింది అయిపోయింది. ఇప్పుడు తోడల్లుళ్ళిద్దరూ కలిసి చేసిన ఆ ఆల్బమ్‌లోంచి 'డ్రీమింగ్ మై డ్రీమ్స్ విత్ యూ' పెడతాను. రాసింది అలెన్ రేనాల్డ్స్, పాడింది వేలాన్. మూడు మాత్రల నడక. డాన్స్ మాస్టారి పాట కాబట్టి కూర్చుని వినక్కర్లేదు. ముందు వరసవాళ్ళు కుర్చీలు కాస్త గోడ పక్కకి జరపండి. లైట్లు కొంచెం తగ్గించండమ్మా. పిల్లలూ, ఒకటి రెండు మూడు, ఒకటి రెండు మూడు, అలా వేయండి అడుగులు.